తాళంచెవి బావ దగ్గరే ఉంటే

సమస్య: బుచ్చిరెడ్డిపాలెంలోని ఒక యువకుడు, అక్క భర్తతో కలిసి, అల్లూరు, విడవలూరు మండలాల రొయ్యల రైతులు గుంట నీటిలోని ఆక్సిజన్, ఉప్పదనం కొలతలను ఫోనులో చూసుకునే యాప్ నడుపుతున్నాడు. అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ క్లౌడ్ సేవలలో దేనిని ఎంచుకోవాలన్నది అతని ప్రశ్న. ఇప్పుడున్న ఖాతా బావ సొంత ఈమెయిల్, సొంత కార్డు మీద ఉన్నదనీ, మార్చమని అడగడానికి మొహమాటంగా ఉన్నదనీ లేఖ చివర ఒక్క వాక్యంలో రాశాడు.

సలహా: క్లౌడ్ హోస్టింగ్ అంటే, సర్వర్లు కొనకుండా, పెద్ద సంస్థల డేటా సెంటర్లలోని కంప్యూటర్లను వాడకాన్ని బట్టి అద్దె కట్టి వాడుకోవడం. మూడు సంస్థలకూ మన దేశంలోనే కేంద్రాలున్నాయి. మైక్రోసాఫ్ట్ 2015లో చెన్నైలోనూ, అమెజాన్ 2016లో ముంబయిలోనూ, 2022లో హైదరాబాదులోనూ తెరిచాయి గనుక, కొలతల యాప్‌కు దూరాల తేడా లెక్కలోకి రాదు. కొత్త సంస్థలకిచ్చే ఉచిత క్రెడిట్ల గడువు తీరాక వచ్చే బిల్లునూ, డేటాను బయటికి పంపేటప్పుడు పడే రుసుమునూ ముందే లెక్కగట్టి, ఇద్దరికీ బాగా తెలిసిన సేవనే తీసుకుంటే సరిపోతుంది.

లేఖలోని ఆ చివరి వాక్యమే అసలు సమస్య; దానిని అంత చివరికి నెట్టడం లేఖకుని తప్పు. ఖాతా తెరిచిన ఈమెయిల్‌కు దక్కే సర్వాధికారాన్ని అమెజాన్‌లో రూట్ అంటారు; అది చేతిలో ఉన్నవారు సర్వర్లనూ, రైతుల కొలతలనూ, బ్యాకప్పులనూ చెరిపివేయగలరు. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే సంస్థకున్న అమెజాన్ ఖాతాలోకి దుండగులు చొరబడి, బ్యాకప్పులతో సహా చాలా భాగం తుడిచిపెట్టగా ఆ సంస్థ మూతపడింది. బావ ఎంత మంచివాడైనా, ఆయన పాస్‌వర్డు దొంగిలించేవాడికి ఆ మంచితనంతో పనిలేదు. ఆయన కార్డు గడువు తీరి బిల్లు కట్టకపోతే సేవ ఆగిపోయి, తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ పడిపోయే వేళ రైతుకు హెచ్చరిక అందదు.

అల్లుడి ముందు లెక్కలెత్తడం అమర్యాదని తెలుగు కుటుంబాలు తలుస్తాయి. పొలం కౌలూ, చీటీ డబ్బూ, పెళ్లి ఖర్చూ నోటిమాట మీదే నడిపి, తేడా వచ్చిననాడు ఆడబిడ్డ పుట్టింటి గడప తొక్కకుండా పోయేదాకా తెచ్చుకుంటాయి. ఇద్దరు మగవాళ్ల మొహమాటానికి మూల్యం చెల్లించేది ఈ అక్కే. కనుక భాగస్వామ్య పత్రం రిజిస్టరు చేయించి, సంస్థ పేరుతో ఈమెయిల్, బ్యాంకు ఖాతా తెరిచి, సర్వాధికారాన్ని ఆ ఈమెయిల్‌కు మార్చి, పాస్‌వర్డుకు తోడుగా అడిగే రెండో ధ్రువీకరణను ఇద్దరి దగ్గరా ఉంచి, బ్యాకప్పు ప్రతిని వేరొక ఖాతాలో దాచాలి. ఈ మాట బావతో అక్క ఎదుటనే, వచ్చే నెల బిల్లు రాకముందే కదపాలి.