జేబులో స్ప్రింగ్ చాకు: చట్టం కొలిచే కొలతలు

నరసరావుపేట నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. కేబుల్ పని చేస్తారట. అమెరికాలో ఉండే బావగారు సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక మడత చాకు కానుకగా ఇచ్చారు. వేలితో కాస్త నొక్కితే చాలు, స్ప్రింగ్ సాయంతో టక్కున తెరుచుకుంటుంది. "వైర్ల తొడుగు ఒలవడానికి చాలా బాగుంది సార్. ముచ్చటపడి ఇలాంటివి ఇంకో నాలుగు కొని దాచుకున్నాను. వచ్చే నెల పని మీద ఢిల్లీ వెళ్తున్నాను. జేబులో పెట్టుకెళ్లొచ్చా? లైసెన్సు కావాలా? పోలీసులు పట్టుకుంటే ఏం చేయాలి?" అని అడిగారు.

మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. ఆ చాకును ఢిల్లీకి తీసుకెళ్లకండి. ఇంట్లోనే బీరువాలో పెట్టి వెళ్లండి. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ విషయం తెలియక ఇబ్బంది పడేవాళ్లలో దొంగలూ రౌడీలూ కాదు, మీలాంటి పనివాళ్లే ఎక్కువ.

మా వీధి చివర హార్డ్‌వేర్ షాపు కుర్రాడి దగ్గర అచ్చం అలాంటిదే ఉంటే అడిగి తెచ్చుకుని బల్ల మీద పెట్టుకున్నాను. మూసి ఉన్నప్పుడు అరచేతిలో ఇమిడిపోతుంది. వెనకవైపు బ్లేడుకే ఒక చిన్న మొన బయటికి పొడుచుకుని ఉంది. దాన్ని చూపుడు వేలితో నెట్టడం మొదలుపెడితే మొదట కొంచెం బిగువుగా ఉంటుంది. ఆ బిగువు దాటగానే పిడిలో ఉన్న స్ప్రింగ్ అందుకుని మిగతా పని అదే చేసేస్తుంది, లోపల లాక్ పడుతుంది. పాత సినిమాల్లో చూసే బటన్ చాకు తీరు వేరు. అందులో బ్లేడు స్ప్రింగ్ ఒత్తిడి మీద ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, పిడి మీద బటన్ నొక్కితే దానంతటదే ఎగిరి బయటికొస్తుంది. స్కూలు పిల్లల స్కేలు పెట్టి కొలిచాను. బ్లేడు పొడవు 8 సెంటీమీటర్లు దాటింది, వెడల్పు 2 సెంటీమీటర్ల పైమాటే. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి.

ఇక చట్టం. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం దాడికో రక్షణకో ఆయుధంగా తయారుచేసిన ఏ వస్తువైనా ఆయుధమే, పదునైనవి కూడా అందులోకే వస్తాయి. కేవలం ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి రావు. అందుకే కత్తిపీటకూ కొడవలికీ ఎవరూ లైసెన్సు అడగరు. 2016 నాటి ఆయుధ నియమావళి మొదటి షెడ్యూలులో కత్తులు, బాకులు, ఈటెలు ఒక వర్గంగా ఉన్నాయి. బ్లేడు 9 అంగుళాలకు మించి పొడవున్నా, 2 అంగుళాలకు మించి వెడల్పున్నా ఆ వర్గం కిందికి వస్తాయి. ఇల్లు, వ్యవసాయం, శాస్త్రం, పరిశ్రమల అవసరాలకు చేసినవి మాత్రం మినహాయింపు. మీ జేబు చాకు ఆ కొలతకు దరిదాపుల్లో కూడా లేదు. ఆన్‌లైన్ అమ్మకందారులు "ఇండియాలో లైసెన్సు అక్కర్లేదు" అని ధైర్యంగా రాసుకునేది ఈ 9 అంగుళాల మాట పట్టుకునే.

వాళ్లు చెప్పనిది 4వ సెక్షన్. ఒక ప్రాంతంలో పరిస్థితులను బట్టి అక్కడ ఫలానా రకం ఆయుధం కొనాలన్నా, దగ్గర ఉంచుకోవాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా లైసెన్సు ఉండాలని గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చే అధికారం ఆ సెక్షన్ ఇస్తుంది. అంటే ఒకే చాకు ఒక ఊళ్లో పనిముట్టుగా ఉండి, రైలు దిగిన మరో ఊళ్లో కేసు కావచ్చు. అలాంటి నోటిఫికేషన్ ఉన్నచోట దాన్ని మీరితే 25వ సెక్షన్ కింద జైలు, పైగా జరిమానా. ఈ చట్టం కింద నేరాలన్నీ కాగ్నిజబుల్, అంటే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. మొదటిసారి చదివిన ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది.

ఢిల్లీలో 1980 అక్టోబరు 29 నాటి నోటిఫికేషన్ ఒకటి ఉంది. బటన్‌దార్, గరారీదార్ చాకులు, స్ప్రింగ్‌తో తెరుచుకునేవి, మరే యంత్రపు ఏర్పాటుతోనైనా తెరుచుకునేవీ మూసుకునేవీ దాని కిందికి వస్తాయి. కొలతలు కూడా అందులోనే ఉన్నాయి: బ్లేడు పొడవు 7.62 సెంటీమీటర్లు, వెడల్పు 1.72 సెంటీమీటర్లు, లేదా అంతకు మించి. 7.62 అంటే సరిగ్గా 3 అంగుళాలు. నా బల్ల మీద ఉన్న చాకు రెండు కొలతలూ దాటింది. గరారీదార్ అంటే తెరుస్తుంటే పంటి చక్రం మీద కటకటమంటూ పడే పాత రాంపురి తరహా. స్ప్రింగ్ సాయంతో తెరుచుకునే కొత్త చాకు 1980లో దాన్ని రాసినవారి మనసులో ఉండకపోవచ్చు, కానీ వాళ్లు వాడిన మాటల వలలో ఇదీ పడుతుంది. "నేను వేలితో నెట్టాను, బటన్ నొక్కలేదు" అనే వాదన అమెరికాలో చెల్లుతుంది. అక్కడి 1958 నాటి స్విచ్‌బ్లేడ్ చట్టాన్ని 2009లో సవరించి, మూసి ఉండేలా బిగువు పెట్టి, చేత్తో బ్లేడును కదిపితేనే తెరుచుకునే చాకులను మినహాయించారు. మీ బావగారు అంత తేలిగ్గా కొనగలిగింది అందుకే. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు. ఢిల్లీ నోటిఫికేషన్‌లో ఆ తేడా లేదు.

ఇంగ్లండ్‌కు చదువుకోవడానికి వెళ్లే మన పిల్లల తల్లిదండ్రులు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి. అక్కడ లాక్ పడని, 3 అంగుళాలు మించని మడత చాకును వెంట ఉంచుకోవచ్చు. కానీ సగం తెరిచాక స్ప్రింగ్ అందుకునే రకం చాకును 2019 నాటి చట్టం నిషేధిత ఆయుధాల్లో చేర్చింది. 2021 జులై 14 నుంచి దాన్ని సొంత గదిలో సొరుగులో దాచుకోవడమూ నేరమే. ఆవకాయ జాడీతో పాటు పెట్టెలో సర్దే ముందు పిల్లవాడి జేబులూ చూడండి.

ఢిల్లీ సంగతికి మళ్లీ వస్తాను. 2025లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. ఒక వ్యక్తి దగ్గర బటన్‌దార్ చాకు దొరికిందని పోలీసులు ఆయుధ చట్టం కింద కేసు పెట్టారు. కోర్టు నోటిఫికేషన్ భాషను మాటమాటగా చదివింది. అది తయారీ, అమ్మకం, అమ్మకానికో పరీక్షకో దగ్గర పెట్టుకోవడం గురించి మాట్లాడుతోంది. అమ్మడానికి పెట్టుకున్నాడని చార్జిషీటులో ఎక్కడా లేదు. కాబట్టి కేసు కొట్టేసింది. చాలా మంచి తీర్పు. శిక్షించే చట్టాన్ని ఉన్న మాటకు మించి సాగదీయకూడదన్న సూత్రాన్ని నిలబెట్టింది. కానీ హైకోర్టు కూడా కాదన్నాక అంత దూరం వెళ్లగల శక్తి ఎంతమందికి ఉంటుంది? నరసరావుపేటలో రోజు కూలి మీద బతికే మనిషి ఢిల్లీ వాయిదాలకు తిరగగలడా? అందుకే ఆ తీర్పు మీ పక్షాన ఉన్నా నా సలహా మారలేదు.

మన దగ్గర సంగతి కూడా చూద్దాం. పోలింగ్ రోజున పోలింగ్ కేంద్రం పరిసరాల్లోకి ఆయుధ చట్టం నిర్వచించిన ఏ ఆయుధంతో వెళ్లినా ప్రజాప్రాతినిధ్య చట్టం 134-బి కింద రెండేళ్ల దాకా శిక్ష పడవచ్చు. అక్కడ 9 అంగుళాల లెక్క లేదు, నిర్వచనమే ముఖ్యం. పండగలప్పుడు, గొడవలప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 163 కింద, అంటే పాత 144 కింద, ఇచ్చే ఉత్తర్వుల్లో కర్రలూ కత్తులూ పట్టుకు తిరగొద్దని ఉంటుంది. ఆ రోజుల్లో పనికి వెళ్తుంటే చాకును జేబులో కాకుండా పనిముట్ల సంచిలో, కటింగ్ ప్లేయర్, టెస్టర్ పక్కన పెట్టండి. ఇది కంటి తుడుపు మాట కాదు. వస్తువు ఎక్కడ ఉంది, దాని పక్కన ఏముంది, అడిగినప్పుడు మీరు ఏ కారణం చెప్పారు అన్నవే పోలీసు రాసే కాగితంలోకి వెళతాయి.

విమానంలో చేతిసంచిలో చాకు వద్దు, చెక్-ఇన్ లగేజీలో వేయాలి. తాళాల గుత్తికి తగిలించిన బుల్లి చాకు మర్చిపోయి శంషాబాద్‌లో తనిఖీ దగ్గర నిలబడిపోయినవాళ్లను నేనే చూశాను. అలిపిరిలోనూ అంతే, కొండకు బయల్దేరే ముందే ఇంట్లో తీసి పెట్టండి. ఇక విదేశాల నుంచి ఆయుధం కిందికి వచ్చే వస్తువు తెప్పించుకోవాలంటే ఆయుధ చట్టం 10వ సెక్షన్ ప్రకారం లైసెన్సు ఉండాలి. అది ఆయుధమా పనిముట్టా అని కస్టమ్స్ అధికారికి సందేహం వస్తే ఆపుతారు. శాశ్వతంగా జప్తు చేసే ముందు మీకు నోటీసిచ్చి, మీ వాదన వినాలి. కాబట్టి సేకరణ సరదా ఉన్నవాళ్లు ప్రతి చాకుకూ బిల్లు దాచండి.

కొందరు ఆడపిల్లలు, వారి తల్లులు కూడా నన్ను అడుగుతుంటారు: "ఆత్మరక్షణకు ఒకటి ఉంచుకుంటే తప్పేంటి?" ఆత్మరక్షణ హక్కు నిజమైన హక్కే. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దానికోసమే ఉన్నాయి. కానీ రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయకూడదని అదే చట్టం చెబుతుంది, ఆ అవసరం ఎంతో తేల్చేది తర్వాత కోర్టు. చేత్తో కొట్టి మామూలు గాయం చేస్తే ఏడాది దాకా శిక్ష. అదే గాయం కత్తితో చేస్తే 118వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా. తీవ్ర గాయమైతే ఏడాదికి తగ్గకుండా పదేళ్లు, లేదా యావజ్జీవం. పైగా పెనుగులాటలో చాకు ఎవరి చేతికి పోతుందో చెప్పలేం. ధైర్యం కోసం చాకు పెట్టుకోవద్దని కన్నకూతురికి చెప్పినట్టు చెబుతున్నాను. 112కి ఫోన్ చేయండి, జనం ఉన్నవైపు పరుగెత్తండి.

ఇక పోలీసులు ఆపితే. గొంతు పెంచకండి, చాకు మీరే తీసి చూపించబోకండి. ఎక్కడుందో నోటితో చెప్పండి, వాళ్లే తీసుకుంటారు. తనిఖీ, స్వాధీనం జరిగే తీరును సెల్‌ఫోన్ మీదైనా వీడియో తీయాలని నాగరిక సురక్షా సంహిత 105 చెబుతుంది. "సార్, వీడియో తీస్తున్నారా?" అని మర్యాదగా అడగడం మీ హక్కు. పంచనామాలో బ్లేడు పొడవు, వెడల్పు కొలిచి రాయాలి. స్కేలు పెట్టి మీ ముందే కొలవమనండి, ఎందుకంటే కేసు నిలవడమూ పోవడమూ ఆ మిల్లీమీటర్ల మీదే ఉండొచ్చు. అరెస్టు చేసి మీ ఒంటిమీది వస్తువులు తీసుకుంటే 49వ సెక్షన్ ప్రకారం రసీదు ఇవ్వాలి. పోలీసుకు ఇచ్చే వాంగ్మూలం మీద మీరు సంతకం చేయనక్కర్లేదు, 181వ సెక్షన్ ఆ మాటే అంటుంది. ఖాళీ కాగితం మీద అయితే ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు.

ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదు. ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 35(3) కింద ఇచ్చే నోటీసుతో పిలిస్తే సరిపోయే చోట అరెస్టు చేయకూడదని, పాత చట్టం ఉన్నప్పుడే 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. నోటీసు వస్తే తప్పకుండా వెళ్లండి. తప్పించుకుంటేనే అరెస్టుకు దారి తీసినట్టవుతుంది. ఒకవేళ అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి, ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. వకీలుకు డబ్బు లేదని కుంగిపోకండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 నాటి న్యాయ సేవల అథారిటీల చట్టం చెబుతోంది. నంబరు 15100. మీ ఇంట్లోవాళ్ల ఫోన్లలో కూడా ఎక్కించండి.

కొన్నేళ్ల క్రితం ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. కొడుకు వేరే రాష్ట్రంలో పనికి వెళ్లి, పండ్లు కోసుకునే చాకుతో రైల్వే స్టేషన్ బయట దొరికాడు. ఆ అబ్బాయి మామిడికాయల లోడుతో వెళ్లాడు, లారీ బిల్లు కూడా ఉంది. ఆ బిల్లు తల్లి చీర కొంగున ముడి వేసుకుని తెచ్చింది. బెయిలు దరఖాస్తుకు మొట్టమొదట జత చేసింది ఆ ముడతలు పడిన కాగితాన్నే. చాకు ఎందుకు దగ్గరుందో నమ్మించే కాగితం ఒక్కటి ఉంటే ఎంత బలమో ఆరోజు చూశాను.

కాబట్టి మీరు చేయాల్సిన పని ఒకటి ఉంది. మీ కలెక్టరేట్‌లో సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు ఇవ్వండి. తెలుగులోనే రాయండి, చాలు: "ఆయుధ చట్టం, 1959, 4వ సెక్షన్ కింద మా జిల్లాకు వర్తించే నోటిఫికేషన్ ఏదైనా అమల్లో ఉందా? ఉంటే దాని ప్రతి ఇప్పించగలరు. స్ప్రింగ్ సాయంతో తెరుచుకునే మడత చాకుకు అందులో పెట్టిన కొలతలు ఏమిటి?" 30 రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన జవాబుకు రెండు జిరాక్సులు తీయించి, ఒకటి చాకుల పెట్టెలో, రెండోది పనిముట్ల సంచిలో పెట్టుకోండి.