తొలి బండి: సీసీల కన్నా ముందు చూడవలసినవి

ప్రశ్న: అద్దంకి పరిసరాల్లో పొలానికీ పట్టణానికీ తిరగవలసిన కొత్త చోదకుడికి ఎటువంటి మోటారు సైకిలు అనువైనది?

జవాబు: కొత్తవారు ఇంజను పరిమాణాన్ని తెలిపే సీసీల సంఖ్యనే ముందుగా చూస్తారు గాని, తొలుత పరిశీలించవలసినవి బండి బరువు, సీటు ఎత్తు. బండి అదుపు తప్పేది వేగంలోనే కాదు, ఆగేటప్పుడూ, ఇరుకు మలుపు తిరిగేటప్పుడూ కూడా. సుమారు 112 కిలోల హీరో స్ప్లెండర్ ప్లస్ పక్కకు ఒరిగినా నిలబెట్టుకోవచ్చు; 195 కిలోల రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350ను నిలువరించడం అలవాటు లేని చేతులకు కష్టం. కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి.

అద్దంకి ప్రాంతపు నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం అధికం. అది నీటిని పీల్చి ఉబ్బి, వాన పడిన డొంకల్లో టైరుకు అంటుకొని, మడ్‌గార్డు లోపలి సందును పూడ్చి చక్రాన్ని పట్టివేస్తుంది కనుక, ఆ సందు విశాలంగా ఉన్న 100–125 సీసీల తేలికపాటి బండే మేలు. వెనుక మిరప టిక్కీ, అంటే మిరపకాయల బస్తా, కట్టినప్పుడు ముందు చక్రంపై భారం తగ్గి, హ్యాండిల్ తేలిపోతుందన్న సంగతి కొత్త చోదకుడు ముందే గ్రహించాలి. చెయ్యి కుదిరేవరకు బరువులు వేయకపోవడమే క్షేమం.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీలకు మించిన కొత్త బండ్లకు ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి. అంతకు లోపు వాటికి రెండు బ్రేకులనూ ఒకే మీటతో కలిపే సీబీఎస్ అయినా ఉండాలి. మేదరమెట్ల వద్ద జాతీయ రహదారి ఎక్కి తరచు ప్రయాణించేవారు ఏబీఎస్ ఉన్న బండినే కోరాలి. ఐఎస్ఐ ముద్ర గల హెల్మెట్ ఖర్చును బండి ధరలోనే కలిపి లెక్కించి, రెండింటినీ ఒకే రోజున కొనాలి.