ఏ పోర్టు, ఎవరి లింకు?

చిరంజీవి కిరణ్‌కు,


నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. మానిటరింగ్ బోర్డు నిండా చుక్కలూ అంకెలేనాయె. రాత్రి షిఫ్టులో ఫోనెత్తినవాడికి "1.3.6.1.2.1.2.2.1.8.10103, విలువ 2" అని చదివి వినిపిస్తే వాడు మాత్రం ఏం చేస్తాడు? ఈ అంకెలన్నిటికీ పేర్లు పెట్టే పని నీ నెత్తిన వేశారని విసుక్కుంటూ రాశావు. విసుక్కోకురా. కొత్తగా చేరినవాడికి ఇంతకంటే మంచి పని దొరకదు. ఇది పూర్తయ్యేసరికి మీ నెట్‌వర్కులో ఏ డబ్బా ఎక్కడుందో మీ మేనేజరు కంటే నీకే బాగా తెలుస్తుంది.

ముందు ఆ చుక్కల అంకెల వరుసను, అంటే పరికరాల స్థితి అడిగే ఎస్ఎన్ఎంపీ వాడే ఓఐడీని, ఎడమ నుంచి చదవడం అలవాటు చేసుకో. మొదటి 1 ఐఎస్ఓ, 3 దాని కింది సంస్థలు, 6 అమెరికా రక్షణ శాఖ, తర్వాతి 1 ఇంటర్నెట్. అక్కడ దారి చీలుతుంది. 2.1 వైపు వెళ్తే అన్ని కంపెనీల పరికరాలకూ ఉమ్మడిగా ఉండే మిబ్-2 వస్తుంది (మిబ్ అంటే ఈ నంబర్ల పేర్లూ అర్థాలూ రాసిన ఫైలు), అది 1991లో ఆర్ఎఫ్‌సీ 1213గా వచ్చింది. 4.1 వైపు వెళ్తే ఎవరి కొమ్మ వాళ్లది: 9 సిస్కో, 2636 జూనిపర్, 14988 మైక్రోటిక్, 8072 నెట్-ఎస్ఎన్ఎంపీ. ఈ నంబర్లను ఐయానా ఇస్తుంది. మీ దగ్గరున్న కంపెనీల నంబర్లు నోటికొస్తే చాలు, ముక్కూమొహం తెలియని ట్రాప్, అంటే పరికరం తనంతట తాను పంపే హెచ్చరిక, వచ్చినా ఏ మాన్యువల్ తీయాలో వెంటనే తెలుస్తుంది. హైదరాబాదులో పాత ఇంటి నంబర్లు చూశావుగా, వార్డు, బ్లాకు, ఇల్లు, ఆపైన ఒక బై వేసి ఇంకో నంబరు. ఇదీ అలాంటిదే, కుడికి జరిగేకొద్దీ గుమ్మం దగ్గరపడుతుంది.

నీ స్క్రీన్‌షాట్‌లోని నంబరే తీసుకో. 8 దాకా చదివితే ఐఎఫ్‌ఆపర్‌స్టేటస్, అంటే పోర్టు ప్రస్తుత పరిస్థితి. విలువ 2 అంటే డౌన్. ఇంతవరకూ మిబ్ ఫైలు చెప్పేస్తుంది. చివరి 10103 మాత్రం ఏ మిబ్‌లో వెతికినా దొరకదు. అది ఆ స్విచ్చి తన పోర్టుకు తానే ఇచ్చుకున్న నంబరు. చాలామంది మిబ్ ఫైళ్లు ఎక్కించేసి పని అయిపోయిందనుకుంటారు. అప్పుడు బోర్డు మీద "ఐఎఫ్‌ఆపర్‌స్టేటస్ 10103 డౌన్" అని వస్తుంది. చూడటానికి బాగుంటుంది గానీ, కేబుల్ పట్టుకుని వెళ్లాల్సినవాడికి ఒరిగేదేమీ లేదు.

ఫైళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. పేరును నంబరుగా, నంబరును పేరుగా మార్చడానికి నెట్-ఎస్ఎన్ఎంపీలోని ఎస్ఎన్ఎంపీట్రాన్స్‌లేట్ కమాండ్ చాలు. డెబియన్‌లోనో ఉబుంటులోనో చేస్తుంటే మిబ్ ఫైళ్లు లైసెన్సు కారణంగా మొదట్లో ఉండవు. వాటిని దించుకునే ప్యాకేజీ విడిగా వేసుకోవాలి, ఎస్ఎన్ఎంపీ.కాన్ఫ్‌లో "మిబ్స్" అన్న ఖాళీ లైను ముందు హాష్ పెట్టాలి. ఇది తెలియక జుట్టు పీక్కునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కంపెనీ మిబ్ ఒక్కటే తెచ్చిపెడితే అది ఇంకో మిబ్‌ను అడుగుతుంది. సిస్కోవి చాలావరకు సిస్కో-ఎస్ఎంఐ లేకపోతే కదలవు. ఎర్రర్‌లో ఏ మాడ్యూల్ దొరకలేదని చెప్తే అదే తెచ్చిపెట్టు. అంతేగానీ నెట్‌లో కనబడ్డ మిబ్‌లన్నీ ఒక ఫోల్డరులో కుమ్మరించకు.

కొన్నిటి తోక ఇంకా పొడుగుంటుంది. 1.3.6.1.4.1.8072.1.3.2.3.1.1.4.100.105.115.107 చూడు. తోకలో మొదటి 4 అంటే నాలుగక్షరాల మాట అని. తర్వాతి నాలుగూ ఆస్కీ అంకెలు: డి, ఐ, ఎస్, కె. అంటే ఎవరో సర్వరులో "డిస్క్" అనే పేరుతో ఒక స్క్రిప్టు పెట్టుకున్నారు, దాని ఫలితం ఇది. స్విచ్చి మ్యాక్ టేబులులో అయితే ఆరంకెల తోక వస్తుంది, ఒక్కో అంకెనూ హెక్సాలోకి మారిస్తే మ్యాక్ అడ్రస్ బయటపడుతుంది. ఒక్కసారి కాగితం మీద చేత్తో చేసి చూడు, ఆ తర్వాత స్క్రిప్టు రాసుకో.

ఇక 10103 సంగతి. అదే స్విచ్చిని ఐఎఫ్‌నేమ్ అడిగితే గిగాబిట్ 1/0/3 అని చెప్తుంది. ఐఎఫ్‌ఆలియాస్ అడిగితే, ఆ పోర్టు మీద మీ ఇంజనీరు డిస్క్రిప్షన్‌లో ఏం రాశాడో అది వస్తుంది. అసలు పేరు అదేరా. "అమీర్‌పేట బ్రాంచి, రెండో లింకు" అని ఉంటే నిద్రమత్తులో ఉన్నవాడికీ అర్థమవుతుంది. సగం పోర్టులకు ఖాళీ, కొన్నిటికి "టెస్ట్" అని ఉంటుంది చూడు, పందెం. కాబట్టి నీ పనిలో సగం స్క్రిప్టులో లేదు, పోర్టుల పేర్లు నింపమని సీనియర్ల వెంటపడటంలో ఉంది. మొహమాటపడకు. జాబితా తీసి, రాక్ వారీగా విడగొట్టి, టీ తాగే టైములో వాళ్ల ముందు పెట్టు.

ఇంకొకటి. కొన్ని పరికరాల్లో రీబూట్ అయితే ఈ ఇండెక్స్ నంబర్లు మారిపోతాయి. సిస్కోలో వాటిని నిలిపి ఉంచే ఐఎఫ్‌ఇండెక్స్ పర్సిస్ట్ సెట్టింగ్ ఉంది, పెట్టారో లేదో కనుక్కో. పేరూ ఇండెక్సూ జతచేసిన నీ పట్టికను ఒకసారి చేసి వదిలేయకుండా, పరికరం తిరిగి లేచినప్పుడల్లా మళ్లీ తీయి. లేదంటే అమీర్‌పేట లింకు పడితే బోర్డు మీద దిల్‌సుఖ్‌నగర్ ఎర్రబడుతుంది. అంకెలున్నప్పుడు కనీసం తెలియదని తెలిసేది. తప్పు పేరు చూస్తే మనిషి నమ్మి బండి తీస్తాడు.

అందుకే పేరు చూపించు, నంబరు మాత్రం పారేయకు. డేటాబేసులో నంబరే ఉండాలి. 1.3.6.1.2.1.1.3.0నే తీసుకో, ఒక టూల్ సిస్‌అప్‌టైమ్.0 అంటుంది, నెట్-ఎస్ఎన్ఎంపీ డిస్మాన్-ఈవెంట్-మిబ్ పేరుతో సిస్‌అప్‌టైమ్‌ఇన్‌స్టాన్స్ అంటుంది. రెండూ ఒకటే. పేరు మీద ఫిల్టరు రాస్తే ఏదో ఒకరోజు అది మౌనంగా పనిచేయడం మానేస్తుంది.

అన్నట్టు, పేరు చదవగలిగితే విలువ అర్థమైనట్టు కాదు. సిస్‌అప్‌టైమ్ సెకనులో వందో వంతుల్లో లెక్కిస్తుంది, 497 రోజులకు మళ్లీ సున్నా. ఐఎఫ్‌ఇన్‌ఆక్టెట్స్ 32 బిట్ల కౌంటరు, ఒక గిగాబిట్ లింకు నిండుగా నడిస్తే 34 సెకన్లలో తిరిగిపోతుంది. ఐదు నిమిషాలకోసారి చదివి గ్రాఫు గీస్తే అది వట్టి బొమ్మే. అలాంటి చోట ఐఎఫ్‌హెచ్‌సీఇన్‌ఆక్టెట్స్ వాడు, 64 బిట్లది.

అర్థంకాని ఓఐడీలుంటే నాకు పంపు, ఆదివారం కూర్చుని చూద్దాం. అయితే వాక్ ఫైలు, అంటే పరికరం నుంచి వరసగా గుంజిన ఓఐడీల జాబితా, మొత్తం పంపకు. ఐఎఫ్‌ఆలియాస్‌లో మీ కస్టమర్ల పేర్లుంటాయి, ట్రాప్ లాగులో పాస్‌వర్డు లాంటి కమ్యూనిటీ స్ట్రింగ్ కూడా దొర్లుతుంటుంది. అవి చెరిపేసి పంపు. మీ కమ్యూనిటీ ఇంకా "పబ్లిక్" అనే ఉంటే మాత్రం నాకు రాసే ముందు మీ సెక్యూరిటీ వాళ్లకు చెప్పు.

ఇట్లు,
పెద్దక్క