సూది తిప్పే ముందు

నైట్రో ఇంజనుతో ఎగిరే మోడల్ హెలికాప్టరు చూసినవారు మనలో తక్కువే. ఇప్పుడు బజారులో దొరికేవన్నీ దాదాపు బ్యాటరీవే. నేను ఎగరేసేది 50 సైజుది. అంటే 0.50 ఘనపు అంగుళాల, సుమారు 8.2 సి.సి. టూ స్ట్రోక్ ఇంజను. పిడికిట్లో ఇమిడిపోతుంది. కానీ పై రెక్కల అడ్డుకొలత 1.34 మీటర్లు. నిమిషానికి 1,900 చుట్లు తిరిగితే రెక్క కొన వేగం గంటకు దాదాపు 480 కిలోమీటర్లు. అంతటి రెక్కలను తిప్పే ఇంజను గాల్లో ఆగిపోతే, దాన్ని క్షేమంగా దించడానికి మన చేతిలో ఉండేది కొన్ని సెకన్లే. అందుకే ఇంజను జబ్బును నేల మీద ఉండగానే కనిపెట్టాలి.

ముందు ఈ ఇంజను పనిచేసే తీరు తెలియాలి. దీని ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాల్. అందులో కొంత నైట్రోమీథేన్, దాదాపు ఐదో వంతు నూనె కలుస్తాయి. ఆ నూనె సింథటిక్ కావచ్చు, మన ఆముదమూ కావచ్చు. (మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లకూ ఆముదమే పోసేవారు.) స్కూటర్లోలాగా స్పార్కు ఉండదు. గ్లో ప్లగ్గులో ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. స్టార్టు చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టు బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాలుస్తాం. తర్వాత బ్యాటరీ తీసేసినా, మిథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకినప్పుడు జరిగే చర్య, లోపలి మంట వేడి కలిసి దాన్ని ఆరనివ్వవు.

అసలు కీలకం నూనెలో ఉంది. ఈ ఇంజనుకు విడిగా ఆయిల్ సంపు లేదు. ఇంధనంతో వచ్చే నూనే పిస్టన్‌కు, బేరింగులకు దిక్కు. ఇంధనం తగ్గి గాలి ఎక్కువైతే, అంటే మిశ్రమం ‘లీన్’ అయితే, వేడి పెరగడమే కాదు, నూనె కూడా తగ్గిపోతుంది. ‘రిచ్’ అయితే పొగ ఎక్కువ, శబ్దం గరగర, బలం తక్కువ. ఇబ్బందే గానీ ఇంజను చావదు. లీన్‌లో పొగ పలచబడి, మొదట శబ్దం హుషారుగా వినిపిస్తుంది. కొత్తవారు మోసపోయేది ఇక్కడే. ఆ హుషారు వెంటే బలం కుంగుతుంది, ఆ తర్వాత ఇంజను ఆగుతుంది. అనుమానం వస్తే ఎప్పుడూ రిచ్ వైపే ఉండాలి.

ఇంజను సరిగ్గా నడవకపోతే అందరి చెయ్యీ ముందు కార్బురేటర్ సూది మీదికే పోతుంది. అది చివర ముట్టుకోవలసినది. మొదట ప్లగ్గు విప్పి, తీగ ఎర్రగా కాలుతోందో లేదో చూడాలి. బ్యాటరీ క్లిప్పు తీయగానే ఇంజను ఆగిపోతుంటే ప్లగ్గు పాతబడి ఉండాలి, లేదా ఐడిల్ మిశ్రమం బాగా రిచ్‌గా ఉండాలి. తర్వాత ఇంధనం వయసు. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తర్వాత పైపులు, ట్యాంకు, ట్యాంకులోకి సైలెన్సర్ నుంచి ఒత్తిడి తెచ్చే గొట్టం. ఇవన్నీ బాగున్నాయని తేలాకే సూది. అదీ ఒక్కసారికి ఒకటి రెండు క్లిక్కులు మాత్రమే, అదీ హెలికాప్టరును దించి, ఐడిల్‌కు తెచ్చి, రెక్కలు పూర్తిగా ఆగాకే.

నాకు హైదరాబాదు నుంచి కోల్‌కతాకు బదిలీ అయినప్పుడు హెలికాప్టరు కూడా నాతో వచ్చింది. దానికీ కొత్త ఊరు పడాలి కదా. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. కోల్‌కతా దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. ఇక్కడ గాలి చిక్కన కాబట్టి అక్కడి సూది అమరిక ఇక్కడ లీన్ అవుతుంది. డిసెంబరు చలిలో మరికొంత లీన్ అవుతుంది. ఆ లెక్కన సూదిని కాస్త తెరిచాను. సగం ట్యాంకు దాకా ఇంజను చక్కగా నడిచేది. ఆ తర్వాత శబ్దం పెరిగి, పొగ తగ్గి, కుంగేది. ప్రతిసారీ అదే వరస.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన తెలుగాయన ఒకరు బారుయిపూర్ వైపు పొలాల్లో మాతో ఎగరేస్తారు. నేను బాబాయిగారూ అంటాను. రెండు విడతలు విని, ‘సగం దాకా బాగుండి, సగం తర్వాత చెడితే ఇంజను తప్పు కాదు బాబూ, ట్యాంకు విప్పండి’ అన్నారు. విప్పాం. లోపల ఇంధనాన్ని అడుగు నుంచి పీల్చే సిలికాన్ గొట్టం, పైన ఇత్తడి గొట్టానికి తొడిగిన చోట, వెంట్రుకంత చీలి ఉంది. ఇంధనం ఆ చీలికకు పైన ఉన్నంతసేపూ ఏమీ కాదు. మట్టం కిందికి దిగగానే చీలికలోంచి గాలి పోతుంది.

ఎం.బి.ఎ.లో తైచీ ఒనో గారి ‘ఐదు ఎందుకులు’ చదువుకున్నాం. టొయోటాలో ఆగిన యంత్రం దగ్గర ఫ్యూజు మార్చి ఊరుకోకుండా, ఎందుకు అని ఐదుసార్లు అడగమన్నాడాయన. ఇంజను ఎందుకు కుంగింది? లీన్ అయింది. ఎందుకు? ఇంధనంలో గాలి. ఎందుకు? గొట్టం చీలింది. ఎందుకు? కిట్‌తో వచ్చిన ఇత్తడి గొట్టం కోసిన అంచు పదునుగా ఉంది. నాలుగింటితోనే సరిపోయింది. ఆ అంచును ఆకురాయితో నున్నగా రుద్ది, కొత్త గొట్టం తొడిగాం. అలా కాక సూదినే తెరుస్తూ పోతే మొదటి సగం ట్యాంకు పొగమయం, రెండో సగం మళ్లీ లీన్. ఖాతా ఎందుకు కుంటుతోందో చూడకుండా లిమిట్ పెంచుకుంటూ పోవడం లాంటిదే.

గాలి బుడగలు అన్నిసార్లూ చీలిక వల్లే రావు. రెక్కల అదురుకు ట్యాంకులో ఇంధనం నురగ కట్టినా పైపులో సన్నని బుడగలు కనిపిస్తాయి. అప్పుడు ట్యాంకు కింద మెత్తటి స్పాంజి వేసి, రెక్కల బ్యాలెన్సు చూడాలి. ఐడిల్ మిశ్రమం తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. రోటర్ హెడ్‌ను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని ఇంధనం పైపును నొక్కండి. వేగం బాగా పెరిగి ఆగితే రిచ్, వెంటనే ఆగితే లీన్.

ఎగరేసే చోటు గురించి ఒక మాట. ఫోర్ట్ విలియం పక్కన మైదాన్ ఎంత విశాలంగా కనిపించినా మనకు పనికిరాదు. 2021 డ్రోన్ నియమాల కింద వచ్చిన డిజిటల్ స్కై మ్యాపులో రెడ్, యెల్లో, గ్రీన్ జోన్లు చూసుకునే బయల్దేరాలి. మనుషులకు, కరెంటు తీగలకు దూరంగా ఉండాలి.

ఇంధనం డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘విషం’ అని రాసి తాళం వేయండి. 2011 డిసెంబరులో ఇదే దక్షిణ 24 పరగణాల జిల్లాలో, సంగ్రాంపూర్ పరిసరాల్లో, కల్తీసారా తాగి 150 మందికి పైగా చనిపోయారు. ఆ సారాలో ఉన్నది మిథనాలే. దాని మంట పగటి వెలుతురులో కంటికి సరిగ్గా ఆనదు కూడా.

ఆట ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజనులో మిగిలినది కాలిపోయేదాకా నడపాలి. ప్లగ్గు విప్పి నాలుగు చుక్కల నూనె వేసి చేత్తో తిప్పాలి. ఇక్కడి వానాకాలపు చెమ్మకు మిగిలిన మిథనాల్ తోడైతే బేరింగులు తుప్పు పట్టడానికి ఎన్నో వారాలు పట్టదు. మళ్లీ తీసినప్పుడు చేత్తో తిప్పితే గరుకుగా తగిలిందా, ఆ రోజు ఎగరేయకండి. ముందు బేరింగు మార్చండి.