చెరువొడ్డున గుడారం: మేనకోడలికి ఒక ఉత్తరం

బిడ్డా,

గుడారం కొన్నావట, బయ్యారం పెద్దచెరువు దగ్గర ఒక రాత్రి ఉండి వస్తావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. లక్నవరంలో వేలాడే వంతెన, కాటేజీలు ఉంటాయి కానీ నువ్వు పోయేది అట్లాంటి చోటుకు కాదు. నల్లా, కరెంటు, మరుగుదొడ్డి ఏవీ ఉండవు. మేడారం జాతరకు ఎడ్లబండ్లలో పోయినోళ్ళు బండికి టార్పాలిన్ కట్టుకుని, మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకుని నాలుగు రోజులు గడిపినట్టే ఇదీ.

కాకతీయ రాజు గణపతిదేవుని సోదరి మైలాంబ అక్కడ ధర్మకీర్తి సముద్రం అనే చెరువు కట్టించిందని బయ్యారం శాసనం చెబుతుంది. చుట్టూ గుట్టలు. ఆ గుట్టల మీద పడ్డ వాన అంతా చెరువులోకే దిగుతుంది. అందుకే గుడారం వేసేవాళ్ళు ముందు నేర్చుకోవాల్సినవి చెరువు మాటలే: కట్ట, తూము (నీళ్ళు వదిలే దారి), మత్తడి (చెరువు నిండితే నీళ్ళు పొర్లే చోటు), శిఖం. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు మెత్తగా, చదునుగా బయటపడే నేల శిఖం. కొత్తవాళ్ళ కన్ను మొదట దాని మీదే పడుతుంది. ఈ ఉత్తరం రాస్తున్న మామయ్య కూడా ఇరవై ఏళ్ళ వయసులో ఒక చెరువు శిఖంలోనే డేరా వేశాడు. అర్ధరాత్రి లేచేసరికి చెప్పులు తేలుతున్నాయి. ఊళ్ళో చినుకు లేదు, వాన పడ్డది పైన గుట్టల్లో.

మత్తడి కింద వాగు కూడా అంతే. కట్ట మీద మేకులు కొట్టడం తప్పు, పైగా అది బర్లు నడిచే దారి. ఒడ్డున ఎండిన తుంగ, పుల్లలు, నురుగు ఒక గీతలా ఆగి ఉంటాయి. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చి పోయాయో ఆ గీత చూపిస్తుంది. దానికి పైన, నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో గట్టి నేల చూసుకోవాలి. రాత్రి నీళ్ళకొచ్చే జంతువుల దారి వదిలెయ్యాలి. అటవీ శాఖ హద్దు రాయి కనబడితే అనుమతి లేకుండా దాటొద్దు.

పులి గురించి అందరూ అడుగుతారు, కట్లపాము గురించి ఎవరూ అడగరు. అది రాత్రిపూట తిరిగేది. నేల మీద నిద్రపోయేవాళ్ళనే ఎక్కువగా కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు కాబట్టి చీమ కుట్టిందనుకుని మళ్ళీ పడుకుంటారు. కొన్ని గంటలకు రెప్పలు వాలిపోతాయి, ఊపిరి కష్టమవుతుంది. చేనికి కావలి పోయే రైతు మంచె ఎక్కి పడుకునేది ఊరికే కాదు. గుడారం జిప్పు పూర్తిగా వెయ్యాలి, బూట్లు దులిపి తొడగాలి. అనుమానమొస్తే కోయడాలు, కట్లు కట్టడాలు వద్దు. పాము విషానికి మందు ఉండే ఆసుపత్రికి వెంటనే పోవాలి. అది ఏ ఊళ్ళో ఉందో బయల్దేరే ముందే కనుక్కో.

మనిషికి ఐదు లీటర్ల నీళ్ళు ఇంటి నుంచే తీసుకుపోవడం మేలు. చెరువు నీళ్ళే గతి అయితే గుడ్డతో వడగట్టి, సలసల కాగాక ఇంకో నిమిషం పొయ్యి మీద ఉంచాలి. అయితే చేలకు కొట్టే పురుగుమందులు నీళ్ళలో కలిస్తే కాచినా పోవు. మలవిసర్జనకు నీటికి దూరంగా జానెడు లోతు గుంత తీసి మట్టి కప్పాలి. టేకాకు రాలే రోజుల్లో మంట జోలికే పోవద్దు, చిన్న గ్యాస్ పొయ్యి చాలు.

చలికాలంలో లోపలంతా తడిసిందని గుడారాన్ని తిడతారు. అది కారడం కాదు, మన ఊపిరే మంచై బట్టకు పడుతుంది. పైకిటికీలు కొంచెం తెరిచి ఉంచాలి.

చీకటి పడకముందే వలలు వేసే చేపలోళ్ళను కలువు. ఏ వైపు నీళ్ళు తొందరగా ఎక్కుతాయో వాళ్ళకు తెలుసు. పోయే ముందు ఇటు రా, మామయ్య దగ్గర పాత గొంగడి ఉంది.