పేరులోనే కారణం చెప్పిన వ్యాధి

పిల్లలూ! 'క్వాషియార్కర్' అనే మాటను మీరు జీవశాస్త్ర పాఠంలో చదివే వుంటారు. ఐతే అది ఏ భాషలోదో ఎప్పుడైనా ఆలోచించారా? లాటిన్ కాదు, గ్రీకూ కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశంలో, అక్రా నగర ప్రాంతపు ప్రజలు మాట్లాడే 'గా' భాషలోది.

ఘనాను బ్రిటిష్‌వారు గోల్డ్ కోస్ట్ అని పిలిచే రోజులవి. 1929లో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు అక్కడికి వెళ్ళింది. కాళ్ళూ చేతులూ ఉబ్బి, చర్మం పొరలుగా వూడుతున్న పసిపిల్లలను ఆమె చూసింది. వాళ్ళలో చాలామంది బతికేవారు కాదు. ఆ జబ్బును స్థానికులు క్వాషియార్కర్ అనేవారు. మరో బిడ్డ పుట్టినప్పుడు పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం.

కారణం ఆ పేరులోనే వుంది. తల్లిపాలు మానిన పెద్దబిడ్డకు ఆపైన దొరికేది మొక్కజొన్న జావ. దానితో కడుపు నిండుతుంది గాని, ఒంటికి కావలసిన మాంసకృత్తులు చాలవు. 1935లో విలియమ్స్ ఆ పేరుతోనే వ్యాధిని వైద్యలోకానికి తెలియజేసింది. మాంసకృత్తుల లోపం ఒక్కటే దీనికి కారణం కాదనీ, అంటురోగాల వంటివీ తోడవుతాయనీ తర్వాతి పరిశోధకులు గుర్తించారు.

ఉబ్బిన బిడ్డ బొద్దుగా వున్నట్టు కనిపించవచ్చు. అందుకే ఆరోగ్య కార్యకర్తలు రెండు పాదాలనూ బొటనవేళ్ళతో మూడు సెకన్లు నొక్కి చూస్తారు. వేలు తీశాక గుంట అలాగే నిలిస్తే, అది కండ కాదు, నీరు అన్నమాట!

ఘనా 1957లో స్వతంత్రమైంది. 1992 రాజ్యాంగం వచ్చాక అక్కడ ఎన్నికల ద్వారానే ప్రభుత్వాలు మారుతున్నాయి. మరి అలాంటి దేశంలో పసివాళ్ళకు తిండి ఎందుకు చాలదు? దక్షిణాన ఏడాదికి రెండు వానకాలాలు, ఉత్తరాన ఒక్కటే. పాత ధాన్యం అయిపోయి, కొత్త పంట యింటికి రాని నెలల్లో పేదయింటి జావ పలచబడుతుంది. 2014 సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 19 మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. ఉత్తర ప్రాంతంలో వారు నూటికి 33 మంది!

1987లో ఘనా 'వీనిమిక్స్' అనే పిండిని ప్రచారంలోకి తెచ్చింది. మొక్కజొన్న, అలసందలు, వేరుశనగ వేయించి విసిరిన పిండి అది. మొక్కజొన్నలో తక్కువైన లైసిన్‌ను అలసందలు అందిస్తాయి. మన ఇడ్లీలో బియ్యానికి మినప్పప్పు తోడైనట్టే!

ఐతే అలసందలు కొనడానికి చేతిలో డబ్బు వుండాలి కదా! అందుకే 2005లో బడి భోజనం, 2008లో నిరుపేద కుటుంబాలకు నగదు సాయం ఘనాలో మొదలయ్యాయి. మందు ఏదో శాస్త్రం చెప్పగలదు. అది ప్రతి బిడ్డ గిన్నెలోకీ చేరేలా చూడవలసింది మాత్రం మనుషులే.