పంట కాపలా తుపాకి: మందు కూరేటప్పుడు జరిగే పొరపాట్లు

వేరుశనగ ఊడలు దిగి కాయ గట్టిపడే రోజుల్లో అడవిపందుల మంద ఒక్కసారి చేలో పడిందంటే తెల్లారేసరికి నాగలి తోలినట్టు ఉంటుంది. మొక్కజొన్న పాలకంకి మీద ఉన్నప్పుడూ ఇదే తంతు. కొండకింద పల్లెల్లో రైతులు మంచెలు కట్టుకుని, డబ్బాలు వాయించి, టపాకాయలు కాల్చి రాత్రుళ్లు జాగారం చేస్తుంటారు. వారిలో కొందరికి పంట కాపలా కోసం ఇచ్చిన లైసెన్సు తుపాకులు ఉన్నాయి. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకికి పంట రక్షణ నిమిత్తం లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. అయితే లైసెన్సు కాగితం ఇచ్చినవారు మందు కూరడం నేర్పరు. తండ్రి చేసింది చూసి కొడుకు చేస్తాడు. తండ్రి చేసిన పొరపాటు కూడా అలాగే సంక్రమిస్తుంది. పంది తప్పించుకుపోతుంది, దెబ్బ మాత్రం మందు కూరిన మనిషికే తగులుతుంది.

ఈ తుపాకిలో తూటా ఉండదు. మూతి నుంచి మందు పోసి, దాని మీద కొబ్బరి పీచో గుడ్డపీలికో దట్టించి, సీసపు గుళ్లు వేసి, మళ్లీ పీచు కూరతారు. వెనక నిపుల్ మీద క్యాప్ పెడతారు. ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ క్యాప్ మీద పడి, నిప్పురవ్వ లోపలి మందుకు అంటుకుంటుంది. ఇందులో ఏ ఒక్క మెట్టు తప్పినా గొట్టం చీలే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు రెండుసార్లు కూరడం. సాయంత్రం అన్న మందు కూరి మంచె మీద పెట్టి అన్నానికి పోతాడు. తమ్ముడు వచ్చి ఖాళీగా ఉందనుకుని ఇంకోసారి కూరుతాడు. చీకట్లో ఎవరికీ తెలియదు. దీనికి విరుగుడు తేలిక, పైసా ఖర్చు లేదు. గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు కూరే కడ్డీని (గజం అంటారు) అడుగుదాకా దించి, మూతి దగ్గర కడ్డీ మీద గాటు పెట్టుకోవాలి. మామూలు కొలత ప్రకారం మందు, పీచు, గుళ్లు కూరిన తర్వాత మళ్లీ దించి రెండో గాటు పెట్టుకోవాలి. అప్పటి నుంచి తుపాకి చేతికి తీసుకున్న ప్రతిసారీ క్యాప్ లేదని చూసుకుని, మూతి ముఖానికి దూరంగా ఉంచి, కడ్డీ దించి చూడాలి. మొదటి గాటు మూతికి సరిపోతే ఖాళీ. రెండోది సరిపోతే నిండి ఉంది. రెండో గాటు కూడా మూతి పైకి కనిపిస్తే రెండుసార్లు కూరినట్టు, లేదా పీచు మధ్యలో ఇరుక్కున్నట్టు. అప్పుడు పేల్చకూడదు.

పీచు మధ్యలో ఇరుక్కోవడం కూడా చిన్న విషయమేమీ కాదు. మందుకూ పీచుకూ మధ్య ఖాళీ ఉంటే పైనున్న సరుకు గొట్టానికి బిరడా అయి కూర్చుంటుంది. మందు అంటుకున్నప్పుడు పుట్టే వాయువు ఒత్తిడి ఆ చోట గొట్టాన్ని ఉబ్బిస్తుంది, లేదా చీలుస్తుంది. సరిగ్గా ఎడమచెయ్యి పట్టుకునే చోటే ఈ చీలిక వచ్చిందంటే వేళ్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. పీచు మందును తాకిందాకా, కడ్డీ ఇక దిగదు అనిపించేదాకా నెమ్మదిగా నొక్కాలి. రోకలితో దంచినట్టు దంచకూడదు.

మందు విషయానికి వద్దాం. ఈ తుపాకులకు నల్లరంగు తుపాకి మందు ఒక్కటే వాడాలి. సూరేకారం, బొగ్గు, గంధకం కలిసినది. అది దొరకలేదని కొందరు రెండు అడ్డదారులు తొక్కుతున్నారు. ఒకటి, తూటా కోసి అందులోని మందు తీసి ఈ గొట్టంలో పోయడం. తూటాలో ఉండేది పొగరాని మందు. అదే కొలతకు దాని బలం ఎన్నో రెట్లు ఎక్కువ, పాతకాలపు గొట్టం దానికి ఆగదు. రెండోది, దీపావళి టపాకాయలు విప్పి మందు పోగుచేయడం. అందులో అల్యూమినియం పొడి కలిసి ఉంటుంది. అది తుపాకి మందులా కాలదు, ఒక్కపెట్టున పేలుతుంది. విప్పేటప్పుడు రాపిడికే అంటుకోవచ్చు. ఈ రెండూ ఎవరైనా చేస్తుంటే పక్కనున్న రైతులే అడ్డుకోవాలి. కూరాల్సిన కొలత ఎంత అన్నది ఇక్కడ రాయడం లేదు. గొట్టం వెడల్పు, మందం, వయసు బట్టి తుపాకి తుపాకికీ అది మారుతుంది. లైసెన్సున్న తుపాకుల డీలర్‌కు మీ తుపాకినే చూపించి అడగాలి. ఎదురింటి వాళ్ల కొలత మీకు పనికిరాదు.

మందును సీసా నుంచి నేరుగా గొట్టంలోకి ఒంపడం చాలామందికి అలవాటు. అంతకుముందు పేల్చినప్పటి పీచు నిప్పురవ్వ గొట్టం అడుగున మిగిలి ఉంటే మంట పైకి ఎగసి చేతిలోని సీసా మొత్తం అంటుకుంటుంది. చిన్న కొలపాత్రలోకి వేరుగా తీసుకుని, సీసా మూత బిగించి దూరంగా పెట్టాకే గొట్టంలో పోయాలి. రెండోసారి కూరే ముందు కొద్దిసేపు ఆగాలి. బీడీ నోట్లో పెట్టుకుని ఈ పని చేసేవారికి ఇంకేం చెప్పగలం! కిరోసిన్ బుడ్డి వెలుగులో కూడా వద్దు, టార్చిలైటు వాడండి. కూరేటప్పుడు మూతి మీదికి ముఖం వంచకూడదు.

క్యాప్ ఎప్పుడూ చివర్లోనే, అదీ చేలోకి వెళ్లాకే పెట్టాలి. క్యాప్ పెట్టిన తుపాకిని పట్టుకుని మంచె నిచ్చెన ఎక్కడం, కంచె దాటడం, ఎడ్లబండి మీద పెట్టుకుని రావడం ప్రమాదం. గట్టిగా ఎక్కడైనా తగిలితే చాలు.

పేలలేదా, అయితే ఆగండి

ట్రిగ్గర్ నొక్కారు. క్యాప్ టప్ మంది, తుపాకి పేలలేదు. ఇక్కడే ప్రాణాల మీదికొచ్చేది. వెంటనే మూతిలోకి తొంగి చూసేవారు కొందరు, కింద ఆనించి కడ్డీ దించేవారు కొందరు. చెమ్మగిల్లిన మందు లోపల కుములుతూ ఉండి కొన్ని సెకన్ల తర్వాత అంటుకోవచ్చు. మూతిని మనుషులు, పశువులు లేని వైపే ఉంచి, కదలకుండా కనీసం రెండు నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత నిపుల్ రంధ్రం సూదితో శుభ్రం చేసి, కొత్త క్యాప్ పెట్టి, అదే దిక్కుకు మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ పేలకపోతే గొట్టంలో, నిపుల్ రంధ్రంలో నీళ్లు పోసి మందును పూర్తిగా తడిపేయాలి. తడిసిన నల్లమందు రకం తుపాకి మందు అంటుకోదు. పీచు, గుళ్లు బయటకు తీయడం ఆయుధాల మరమ్మతు తెలిసినవారి పని. ఇనుప చువ్వతో పొడిచి తీయాలని చూడొద్దు.

పని అయ్యాక గొట్టం కడగడం కూడా రక్షణలో భాగమే. ఈ మందు కాలాక మిగిలే మసి గాలిలోని తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. అదేరోజు వేడినీళ్లు, సబ్బుతో కడిగి, పొడిగుడ్డ తిప్పి, నూనె పట్టించాలి. గుడ్డకు తుప్పు పెచ్చులుగా వస్తుంటే ఆ తుపాకి వాడకం మానేసి చూపించాలి. మందును కొన్న డబ్బాలోనే, పొయ్యికీ కరెంటు మీటరుకూ దూరంగా, పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టాలి. క్యాప్‌లు వేరే చోట ఉండాలి. లైసెన్సులో రాసిన దానికి మించి నిల్వ పెట్టకూడదు. వానాకాలం మందు చెమ్మగిల్లిందని పొయ్యి గట్టు మీదో పెనం మీదో ఆరబెట్టడం ఆత్మహత్యతో సమానం. పాడైతే పారేయడమే.

తూటా తుపాకి ఉన్నవారికి

12 బోరు తుపాకి ఉన్నవారు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. 20 బోరు తూటా సన్నగా ఉంటుంది. పొరపాటున 12 బోరు తుపాకిలో వేస్తే లోపలికి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. వెనక నుంచి చూస్తే ఖాళీగా కనిపిస్తుంది. దాని వెనక 12 బోరు తూటా పెట్టి పేలిస్తే గొట్టం పగులుతుంది. అందుకే 20 బోరు తూటాలకు పసుపురంగు వాడటం ఆనవాయితీ అయింది. రెండు రకాలూ ఒకే సంచిలో, ఒకే జేబులో పెట్టుకోవద్దు. తూటా పొడవు కూడా చూడాలి. 65 మి.మీ. అని గొట్టం మీద ముద్ర ఉంటే 70 మి.మీ. తూటా వాడకూడదు.

ఖాళీ తూటాలను ఇంట్లోనే మళ్లీ నింపుకునే వీడియోలు ఇప్పుడు సెల్‌ఫోన్లలో వస్తున్నాయి. అవి ఎక్కువగా అమెరికావి. అక్కడ సొంతానికి నింపుకోవడం చట్టసమ్మతం. దానికి అచ్చేసిన కొలతల పుస్తకాలు, గ్రెయిన్లలో తూచే తక్కెళ్లు, అచ్చుయంత్రాలు దొరుకుతాయి. బల్ల మీద ఒకేసారి రెండు రకాల మందు పెట్టరు, నింపిన ప్రతి తూటాలోకి లైటు వేసి చూస్తారు. ఇంత చేసినా అక్కడా మందు రెండుసార్లు పడి తుపాకులు పగులుతుంటాయి. మనకు ఆ పుస్తకమూ లేదు, ఆ మందూ లేదు, అనుమతీ లేదు. ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయకూడదు. 2019 సవరణ తర్వాత దీన్ని మీరితే శిక్ష ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా ఉంది. పంట కాపలా లైసెన్సు ఆ హక్కు ఇవ్వదు.

నాటు బాంబుల సంగతి మరీ ఘోరం. పంది కోసం ఎరలో పెట్టిన బాంబు మేతకొచ్చిన ఆవు కొరికినా పేలుతుంది, బంతి అనుకుని పిల్లవాడు తీసినా పేలుతుంది. 2020 మే నెలలో కేరళ పాలక్కాడ్ జిల్లాలో నోట్లో పేలుడు జరిగి చూలు ఏనుగు చనిపోయింది. ఆ ఎర పెట్టింది అడవిపందుల కోసమే. చేను చుట్టూ తీగలకు నేరుగా కరెంటు పెట్టడమూ ఇలాంటిదే. తెల్లారి మోటారు వేయడానికి వచ్చిన రైతే బలవుతున్నాడు.

ఇంకో మాట. తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని చంపే అనుమతి ఉన్నట్టు కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద అటవీ అధికారుల అనుమతి విడిగా తీసుకోవాలి. పంట నష్టం జరిగిన వెంటనే ఫొటోలతో ఫారెస్టు రేంజి ఆఫీసులో అర్జీ ఇవ్వండి. బెదిరించడానికి గుళ్లు లేకుండా మందు, పీచు మాత్రమే కూరి పేల్చేవారు కూడా మనుషుల వైపు మూతి తిప్పకూడదు. దగ్గరగా ఉంటే ఆ పీచు, మంట చాలు గాయం చేయడానికి.

ఎన్నికలప్పుడు తుపాకులు పోలీసు స్టేషన్‌లో డిపాజిట్ చేయమని కబురొస్తుంది. నెలల కిందట కూరి గోడకు తగిలించిన తుపాకిని అలాగే తీసుకుని బయల్దేరకండి. ముందు రోజే కడ్డీ దించి గాటు చూసుకోండి. నిండి ఉంటే ఇంట్లోనే నీళ్లు పోసి మందు తడిపి, స్టేషన్‌లో అప్పగించేటప్పుడు ఆ విషయం నోటితో చెప్పండి. రసీదు తీసుకోవడం మరవకండి.